జబ్బు పేరు విప్పి చెప్పడం ఎలా

ధనుర్వాతాన్ని విడదీస్తే ధనుస్సు, వాతం. జబ్బు ముదిరితే వీపు కండరాలు బిగుసుకుని మనిషి విల్లులా వెనక్కి వంగిపోతాడు. పేరు పెట్టినవాళ్లు చూసింది అదే. గ్రీకు నుంచి వచ్చిన టెటనస్ అన్న పేరుకూ బిగుసుకుపోవడమనే అర్థం. ఇంతవరకు చెబితే పిల్లలు కళ్లు విప్పార్చుకుని వింటారు. అక్కడే ఆపేస్తే మాత్రం చిక్కు. పేరులో వాతం ఉంది కదా అని వంకాయ, బంగాళాదుంప మానేస్తే చాలనుకునేవాళ్లుంటారు. ఒళ్లు వంగితేనే ధనుర్వాతం అనుకునేవాళ్లూ ఉంటారు. నిజానికి ఒళ్లు వంగడానికి ముందే దవడ పట్టేసి నోరు తెరవడం కష్టమవుతుంది. ఆసుపత్రికి పరిగెత్తాల్సింది అప్పుడు.

చాలా జబ్బుల పేర్లతో ఇదే తంటా. పరీక్షలు లేని కాలంలో పెట్టిన పేర్లవి, ముదిరాక కంటికి కనిపించిన దాన్ని బట్టి పెట్టినవి. అందుకే పేరు వెనకున్న ముచ్చట చెప్పేటప్పుడు, పేరుకంటే ముందు కనిపించే గుర్తు కూడా చెప్పాలి. మాట ముచ్చటకు ముచ్చట, పనికొచ్చే సంగతికి సంగతి. ఇంట్లో పిల్లలకు చెప్పినా, బడిలో బోర్డు మీద రాసినా, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టినా పద్ధతి ఒకటే.

నోటు పుస్తకం

ఒక మాటకు ఒక పేజీ చొప్పున వదలండి. పేజీలో ఐదు వరుసలు:

1. ఇంట్లో వాడే పేరు, ఎవరి నోట విన్నారు, ఏ ఊరివాళ్లు
2. విడదీస్తే వచ్చే ముక్కలు
3. పేరు పెట్టినవాళ్లు ఏం చూసి ఉంటారు
4. ఇప్పుడు తేలిన కారణం
5. పేరుకంటే ముందు కనిపించే గుర్తు, అప్పుడు చేయాల్సిన పని

ఐదో వరుస ఖాళీగా ఉంటే ఆ మాట ఇంకా నలుగురిలో చెప్పడానికి తయారుకాలేదన్నమాట. మూడో వరుసలో ఊహ రాస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. అది చెరిపేయగలిగిన రోజునే నిజమని చెప్పండి.

మొదటి వరుసలో ఊరు పేరు ఊరికే రాయమనలేదు. తట్టు, పొంగు, ఆటలమ్మ, అమ్మవారు లాంటి మాటలను అన్ని ఊళ్లవాళ్లూ ఒకే జబ్బుకు వాడరు. పేరు నమ్ముకుని రాస్తే ఒకదాని గుర్తులు ఇంకోదానికి అంటిస్తారు. అడగాల్సింది పొక్కులు ఎలా ఉన్నాయని. నీటి బుడగల్లాంటి పొక్కులు విడతలు విడతలుగా వచ్చి, ఒకే రోజున కొన్ని పచ్చిగా, కొన్ని ఎండిపోయి కనిపిస్తే అది చికెన్‌పాక్స్. జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడి నీరు కారడం ముందు వచ్చి, మూడు నాలుగు రోజులకు ముఖం దగ్గర మొదలై ఎర్రటి దద్దుర్లు కిందికి పాకితే అది మీజిల్స్.

మాటలు పోగేసుకోవడానికి మంచి చోటు పిల్లల టీకా కార్డు. దాన్ని అమ్మమ్మ ముందు పెట్టి, ఒక్కో టీకా పక్కన ఆమె చెప్పే పేరు మనవరాలి చేత రాయించండి. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే టీకా) పక్కన కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం చేరతాయి. అందులోనే ఉన్న హెపటైటిస్ బి (కాలేయాన్ని పట్టేది), హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి) రెండింటికీ ఆవిడ దగ్గర పాత పేరు దొరక్కపోవచ్చు. విడిగా గుర్తుపట్టని జబ్బుకు విడిగా పేరుండదు కదా. 9 నెలలకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య వేసే ఎంఆర్ టీకాలోని ‘ఎం’ మీజిల్స్‌ది. కంఠసర్పి ఇంగ్లీషు పేరు డిఫ్తీరియా, అది తోలు అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. గొంతులో తోలు ముక్కలాంటి బూడిదరంగు పొర కడుతుంది. ఈ సంగతి చెబితే ఆ టీకా ఎందుకో వేరే వివరించక్కర్లేదు.

ఎక్కడ విరవాలి

మాటను తప్పు చోట విరిస్తే కథంతా తప్పుతుంది. దీనికి ఒక సులువైన పరీక్ష: రెండో సాక్షి. మీరు విడదీసిన ముక్క అదే అర్థంతో ఇంకో మాటలో కనిపించాలి.

క్షయ తీసుకోండి. అక్షయపాత్ర, అక్షయ తృతీయ మనకు తెలిసినవే. అక్షయం అంటే తరగనిది, క్షయ అంటే తరిగిపోవడం. ఒళ్లు కరిగిపోవడం చూసి పెట్టిన పేరు. ఇంగ్లీషువాళ్లు కూడా ఒకప్పుడు టీబీని కన్సంప్షన్ అనేవారు, మనిషిని తినేసేదని. సాక్షి దొరికింది, ముక్క ఖాయం. ఐదో వరుసలో ఏం రాయాలి? ఒళ్లు తరిగేదాకా ఆగకూడదని. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం. మామూలు క్షయకు 6 నెలల మందులు. రెండో నెలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, బాగైపోయినట్టు అనిపిస్తుంది. మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా మానేసేది అప్పుడే. మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా తిరిగొస్తాయి.

రేచీకటి అచ్చ తెలుగు. రే అంటే రాత్రి. రేపగలు, రేరాణి రెండూ సాక్ష్యం చెబుతాయి. సందెవేళ తెలిసిన ఇంట్లోనే పిల్లవాడు పీటకు తట్టుకుంటున్నాడు, పళ్లెంలో అన్నం తడుముకుంటున్నాడంటే అదే మొదటి గుర్తు. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటి మందుతో నయమవుతుంది, పట్టించుకోకపోతే నల్లగుడ్డు పాడై చూపు పోతుంది. అందుకే 9వ నెలలో 1 లక్ష యూనిట్ల విటమిన్ ఎ ద్రావకం, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు ఇస్తారు. మునగాకు, పాలకూర, బొప్పాయి మంచివే. ఈ విటమిన్ కొవ్వులో కరిగేది కాబట్టి ఆకుకూరలో ఒక చెంచా నూనె పడాలి, నూనె చుక్క లేకుండా ఉడకబెట్టి పెడితే ఒంటికి పట్టేది తక్కువ. ఇంకో మాట. పుట్టుకతో వంశంలో వచ్చే రేచీకటి కూడా ఉంది. దానికి క్యారెట్లు ఎన్ని తిన్నా లాభం లేదు. పేరు ఒకటే కాబట్టి ఈ తేడా తప్పక చెప్పాలి.

పచ్చకామెర్ల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ఒళ్లు పసుపు రంగుకు తిరిగితే పచ్చ అన్నారేమిటని పిల్లలు అడుగుతారు. పసుపుపచ్చ, ఆకుపచ్చ అనే రెండు మాటలే జవాబు. తెలుగులో పచ్చ రెండు రంగులకూ చెల్లుతుంది. కామెర్లు సంస్కృతంలోని కామలా నుంచి వచ్చింది. ఫ్రెంచిలో పసుపు రంగును జోన్ అంటారు, జాండిస్ అందులోంచి పుట్టింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. సామెతగా బాగుంది గానీ, రోగి కంటి తెల్లగుడ్డు పసుపెక్కుతుందే తప్ప అతను చూసే రంగులు మామూలుగానే ఉంటాయి.

ఇక్కడ ముందు గుర్తు ఏమిటి? ఆకలి చచ్చిపోవడం, వాంతి వచ్చేట్టుండటం, మూత్రం టీ డికాక్షన్ రంగులో పోవడం. కళ్లు తర్వాత పసుపెక్కుతాయి. చూడాల్సింది పగటి వెలుతురులో, ట్యూబులైటు కింద కాదు. పసరు మందుకు ఇంత పేరెందుకు వచ్చిందో కూడా చెప్పండి. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది. ఆ వారాల్లో ఏది తాగితే దానికి పేరొస్తుంది. పిత్తాశయంలో రాయి అడ్డుపడి వచ్చినదో, హెపటైటిస్ బి వల్ల వచ్చినదో పసరుతో పోదు, కాలం మాత్రం వృథా అవుతుంది. చేతి మీద వాతలు పెట్టడమూ అంతే, పైగా కాలిన పుండు మిగులుతుంది. పసికందుల సంగతి వేరు. పుట్టిన 24 గంటల్లోపే పసుపు రంగు కనిపించినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఎండలో పెడదాం అనే మాట అక్కడ పనికిరాదు.

రెండో సాక్షి దొరకని మాటలను బలవంతాన విరవకండి. చికున్‌గున్యాలో చికెన్ లేదు. అది ఆఫ్రికాలోని మకొండే భాష మాట. వంగిపోయేట్టు చేసేది అని అర్థం. 1952లో ఇప్పటి టాంజానియా ప్రాంతంలో ఈ జ్వరం ప్రబలినప్పుడు కీళ్లనొప్పులతో వంగి నడిచేవాళ్లను చూసి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు. కోడికూర మానేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. దీన్ని మోసే దోమ పగలు కుడుతుంది. కూలర్లలో, పూలకుండీల కింద పళ్లేల్లో, పాత టైర్లలో పెరుగుతుంది. గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఆ నీళ్లన్నీ పారబోసి, తొట్టి గోడలు రుద్ది కడగాలి, గుడ్లు అంటుకునేది గోడకే. అదే దోమ డెంగీనీ తెస్తుంది. కాబట్టి డెంగీ కాదని తేలేదాకా నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

పక్షం, పక్షి కాదు

ఒక్క అక్షరం తేడాతో పక్షవాతం మీద ఎంత గందరగోళముందో చెప్పలేం. పక్షం అంటే ఒక వైపు. ఏకపక్షం, ఉభయపక్షాలు, శుక్లపక్షం, కావలసినన్ని సాక్ష్యాలు. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం చూసి పెట్టిన పేరు. పక్షికీ దీనికీ సంబంధం లేదు, పావురం రక్తం పూసినా, మాంసం తిన్నా చచ్చుబడిన చెయ్యి లేవదు. వాతానికీ సంబంధం లేదు. మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో కారణం.

ఈ పేజీలో ఐదో వరుస అన్నిటికన్నా పొడుగ్గా ఉండాలి. మనిషిని నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతోందా? రెండు చేతులూ ముందుకు చాపి పది సెకన్లు ఉంచమనండి, ఒకటి కిందికి జారుతోందా? ఏదైనా తేలికైన వాక్యం చెప్పించండి, మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, ఎంత ముందు ఇస్తే అంత మేలు. అందుకని డాక్టరు మొదట అడిగేది, చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికి అని. నిద్ర లేచేసరికి అలా ఉంటే లెక్క పడుకున్న వేళ నుంచి మొదలవుతుంది. ఆ టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. నాళం మూసుకుందా చిట్లిందా అన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది, చిట్లినప్పుడు ఆస్పిరిన్ వేస్తే రక్తం ఇంకా కారుతుంది. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వద్దు. మంచినీళ్లు కూడా పోయకండి, గొంతు సరిగ్గా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గుర్తులు పది నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోతే పేరు దానికి వర్తించదు గదా అని ఊరుకుంటారు. చెయ్యి పడిపోలేదు కాబట్టి పక్షవాతం కాదట! అది పెద్దదానికి ముందొచ్చే హెచ్చరిక, ఆ రోజే వెళ్లి చూపించుకోవాలి.

తియ్యని మూత్రం

మధుమేహంలో మధు తెలిసిందే, మేహం అంటే మూత్రానికి సంబంధించిన జబ్బు. మూత్రానికి చీమలు పట్టడం చూసి మన వైద్యులు గ్రహించారు. పాశ్చాత్యులు పెట్టిన డయాబెటిస్ అన్న పేరుకు ధారగా పోవడమని అర్థం, తర్వాత దానికి తేనెలా తియ్యగా అనే అర్థంలో మెల్లిటస్ చేర్చారు. చిన్నపిల్లలు పడీపడీ నవ్వే ముచ్చట ఇది.

దీని వెనకున్న అంకె చెప్పకపోతే మాత్రం నష్టం. రక్తంలో చక్కెర దాదాపు 180 మిల్లీగ్రాములు (ఒక డెసీలీటరుకు) దాటితే గానీ మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదలవు. పరగడుపున 126 ఉంటేనే డాక్టర్లు మధుమేహం అంటారు. అంటే 126 నుంచి 180 దాకా జబ్బు ఉంది, చీమలు రావు. “నాకు చీమలు పట్టడం లేదు, షుగర్ లేదు” అనే తాతయ్యకు ఈ రెండు అంకెలు చెబితే చాలు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం గీత. ఏ లక్షణాలూ లేనప్పుడు ఒక్క పరీక్షతో నిర్ధారించరు, మరోసారి చూస్తారు.

వాడుకలో ఉన్న షుగర్ అనే పేరు ఇంకో తప్పు చేయిస్తుంది. పంచదార మానేసి కాఫీలో బెల్లం వేసుకుంటారు, లేదంటే తేనె. రక్తంలోకి చేరాక ఈ మూడింటికీ పెద్ద తేడా ఉండదు. పళ్లెంలో కొండలా పెట్టుకున్న అన్నం సంగతి పేరులో లేదు కాబట్టి ఎవరికీ గుర్తురాదు. ఇన్సులిన్ అంటే దీవి అని లాటిన్ మూలం. క్లోమంలో దీవుల్లాంటి కణాల గుంపుల నుంచి వస్తుందని ఆ పేరు.

ఈ పేజీ చివర్లో ‘లంఖణం పరమౌషధం’ అనే సామెత కూడా రాసుకుని, పక్కనే హద్దు రాయండి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వేసుకుని లంఖణం చేస్తే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తికమక కనిపించగానే, స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయాలి. విరేచనాలవుతున్న పిల్లలకూ లంఖణం పనికిరాదు.

సికింద్రాబాదులో తేలిన చెడ్డ గాలి

మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడ్డ గాలి. బురద నేలల మీంచి వచ్చే గాలే జ్వరానికి కారణమనుకున్నారు. ఆ పేరు తప్పని తేలింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటేడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ కుట్టడం ద్వారానే అది వ్యాపిస్తుందని నిరూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. హైదరాబాదు పిల్లలకు ఈ ముచ్చట చెప్పాలంటే ఆగస్టు 20 కంటే మంచి రోజు లేదు, ప్రపంచ దోమల దినం అదే.

కారణం తప్పు పట్టినా బురద నేలలు ఎండగడితే జ్వరాలు తగ్గేవి, ఎందుకంటే దోమలుండేది అక్కడే. తప్పు కారణంతో సరైన పని! పాత వైద్యపు మాటల్లో ఇలాంటివి వెతికితే చాలా దొరుకుతాయి, అన్నిటినీ మూఢనమ్మకమని కొట్టిపారేయకండి.

పేరు కుదరకపోవడమే ప్రమాదం

గ్యాస్ అనే మాటను 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ శాస్త్రవేత్త పుట్టించాడు, గ్రీకు ‘ఖావోస్’ నుంచి. మన ఇళ్లలో అది ఛాతీ నొప్పికి మారుపేరైంది. ఇంతకంటే ఖరీదైన పొరపాటు ఇంకోటి లేదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉండి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకుతూ, చెమట పోస్తే దాని పేరు గ్యాస్ అని మీరు తేల్చకూడదు. సోడా తాగి చూద్దాం, ఒక గంట ఆగుదాం అనుకోకుండా ఈసీజీ తీయించాలి. మధుమేహం ఉన్నవాళ్లకు నొప్పే లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు.

మూర్ఛ విషయంలో తిరకాసు వేరు. స్పృహ తప్పడానికీ అదే మాట, ఫిట్స్‌కీ అదే మాట. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయా అని అడిగి రాసుకోండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏమీ జరగదు. ఫిట్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది కాబట్టి తాళాలకు పేరొచ్చింది. పళ్ల మధ్య చెంచా పెడితే పన్ను విరుగుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే 108.

మందుల చీటీలో లాటిన్

జబ్బు పేర్ల తర్వాత సరదాగా ఉండేవి చీటీ మీది పొట్టి అక్షరాలు. పైన రాసే ఆర్‌ఎక్స్ గుర్తు లాటిన్ ‘రెసిపె’, తీసుకో అని. ఓడీ రోజుకొకసారి. బీడీ రెండుసార్లు, ‘బిస్ డియె’ (పొగ బీడీ కాదు). టీడీఎస్ మూడుసార్లు, పన్ను కోత కాదు. హెచ్‌ఎస్ ‘హోరా సోమ్ని’, నిద్రవేళ. ఎస్‌ఓఎస్ చూసి కంగారుపడతారు గానీ అది ‘సి ఓపుస్ సిట్’, అవసరమైతేనే అని. జ్వరం లేకపోయినా ఎస్‌ఓఎస్ పారాసెటమాల్‌ను రోజూ మూడు పూటలా మింగేవాళ్లు ఉన్నారు. కంటి డాక్టరు రాసే ఓడీ మాత్రం కుడి కన్ను. ఒకే అక్షరాలు రెండు చోట్ల రెండు అర్థాలిస్తాయి కాబట్టి అనుమానం వస్తే మందుల షాపులోనే అడిగి తెలుగులో రాయించుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు తప్పక చెప్పాల్సిన మాట ఇది. అక్కడ అసిటమినోఫెన్ అనేది, ఇక్కడ పారాసెటమాల్ అనేది ఒకటే మందు. పారా-అసిటైల్-అమినో-ఫినాల్ అనే పొడుగు పేరును రెండు దేశాలవాళ్లు రెండు చోట్ల కత్తిరించుకున్నారు. వేర్వేరనుకుని రెండూ కలిపి వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. పెద్దవాళ్లకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, అదీ ఆరోగ్యంగా ఉన్నవారికి. జలుబు మాత్రల్లో కూడా ఇది కలిసే ఉంటుంది, లెక్కలో కలపాలి.

థైరాయిడ్ అంటే డాలు ఆకారం. ఆ మాత్ర కొలత మైక్రోగ్రాముల్లో ఉంటుంది: 25, 50, 100. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా కాఫీ ముట్టకూడదు. మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) దిగడం లేదంటే కారణం ఈ కాఫీ కావచ్చు.

భీమవరం నుంచి ఒక ఆకు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పకుండా తెలుగువాళ్ల మందుల ముచ్చట పూర్తికాదు. ఫోలిక్ ఆమ్లంలోని ‘ఫోలియం’ అంటే లాటిన్‌లో ఆకు. 1941లో దాన్ని పాలకూర జాతి ఆకుల నుంచి వేరుచేశారు, 1945 నాటికి అమెరికాలోని లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపిన పరిశోధక బృందం కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఉండే 500 మైక్రోగ్రాములు ఇదే. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. టీ, కాల్షియం మాత్ర దీనికి రెండు గంటల దూరంలో ఉండాలి, నిమ్మరసమో జామకాయో తోడైతే మంచిది. మలం నల్లగా పోతే భయపడి మానేయకూడదు, అది ఇనుము రంగే. ఆకుకూరలోని ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది. కడిగాక తరగాలి, తరిగాక కడగకూడదు, ఉడికిన నీళ్లు పారబోయకూడదు.

బోదకాలు నివారణకు ఊరూరా ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం పనే. 2 నుంచి 5 ఏళ్లవారికి 100, 14 ఏళ్ల వరకు 200, ఆపై 300 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్న తర్వాతే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. మాత్ర పడ్డాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి, అది ఒంట్లో క్రిములు చస్తున్న గుర్తు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మరుసటేడు ఆ ఇంట్లోవాళ్లు మాత్ర తీసుకుని జేబులో వేసుకుంటారు.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చింది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మాత్ర అనుకుని వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. డబ్బా మీద వారం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి.

చెప్పే తీరు

ఒకసారికి ఒకే మాట, రెండు నిమిషాలు. ముందు ప్రశ్న వేయండి: “క్షయకూ అక్షయపాత్రకూ చుట్టరికం ఏమిటి?” రెండు మూడు ఊహలు రానిచ్చి, అప్పుడు విప్పండి. చివరి అరనిమిషం ఐదో వరుసకు కేటాయించండి. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఐదో వరుసనే మొదట రాయండి. ముందుకు పంపేవాళ్లు పై రెండు వాక్యాలే చదువుతారు, పంపే క్రమంలో కింది భాగం తెగిపోతుంది కూడా. అంకె ఉన్నచోట కొలమానం తప్పక ఉండాలి. 500 అని మాత్రమే రాస్తే అది మిల్లీగ్రాములో మైక్రోగ్రాములో చదివేవాళ్లు తేల్చుకుంటారు, తప్పుగా.

ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్న రోజుల్లో దాని పేరు మీద ముచ్చట పెట్టకండి. పెద్దవాళ్లు పాత అర్థమే సరైనదని పట్టుబడితే వాదించక్కర్లేదు. “అమ్మమ్మా, మీ ఊళ్లో ఇది మొదలైనప్పుడు ముందు ఏం కనిపించేది?” అని అడగండి. ఆవిడ చెప్పేది చాలాసార్లు సరిగ్గా ఐదో వరుసే అవుతుంది. అదే పేజీలో ఆవిడ పేరుతో రాసుకోండి.